పిడికెడు పొద్దు

విశ్రాంతి గురించి ఎవరైనా మైకు పట్టుకుని మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. టీచర్ల ట్రైనింగుల్లో చెబుతారు, ఆదివారం పత్రికల్లో రాస్తారు. పని మధ్యలో ఆగాలి, ఊపిరి పీల్చుకోవాలి, అప్పుడే బుర్ర పనిచేస్తుంది అని. నిజమే, కాదనను. కానీ ఆ చెప్పే మనిషి మధ్యాహ్నం ఎవరు వండిన అన్నం తింటాడో, ఆ వండిన మనిషి ఎప్పుడు ఆగిందో మాత్రం ఎవరూ చెప్పరు. నేను మొదటిసారి ఆ ఉపన్యాసం విన్నది తొంభైల్లో, ఆత్మకూరులో, మా గుడిలో. ఆ రోజు పాస్టరు గారికి భోజనం పెట్టే వంతు మా ఇంటిది.

మేము బాప్టిస్టులం, మా అవ్వ వాళ్ల అవ్వ కాలం నుంచీ. నాయన ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు, గుడిలో సంఘ పెద్ద. అమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. సోమవారం నుంచి శనివారం దాకా అరవై మంది పిల్లలకు రెండు పూటలా వండేది. ఆదివారం ఇంకొకామె వచ్చి వండేది కాబట్టి అమ్మకు సెలవు. ఆ మాట రాస్తుంటే నవ్వొస్తోంది. మా సంఘంలో పాస్టరు గారికి ఆదివారం భోజనం ఇంటింటికీ వంతు. లెక్క ప్రకారం మా వంతు రెండు నెలలకు ఒకసారి రావాలి. కానీ నాయన పెద్ద కదా. బయటి ఊరి నుంచి బోధకుడు వస్తే మా ఇల్లే, ఆరాధన తర్వాత పెద్దల మీటింగుంటే మా ఇల్లే. మీటింగు లేని ఆదివారం నాకు గుర్తు లేదు.

గుడిలో ఆడవాళ్ల వైపు, గుమ్మం పక్కన, చాప చివర ఒక చోటు ఉండేది. వంతు వచ్చిన ఇంటి ఆడమనిషి అక్కడే కూర్చోవాలని ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. పాటలు, ప్రార్థన అయ్యేదాకా ఉండి, ప్రసంగం సగంలో చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు లేకుండా లేచిపోవాలి. చివరి ప్రార్థన అయ్యేసరికి ఇంట్లో అన్నం వార్చి ఉండాలి. మా అమ్మ పెళ్లయిన దగ్గర్నుంచి ఎన్ని ప్రసంగాల చివరలు విన్నదో వేళ్ల మీద చెప్పొచ్చు.

ఇంకొక ఆచారం కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. పిడికెడు బియ్యం. రోజూ అన్నం వండేటప్పుడు, బియ్యం కడగకముందే, ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. వారానికి పోగైన బియ్యాన్ని ఆదివారం గుడికి తెచ్చి బల్ల మీద పోస్తారు. అది దేవుడి భాగం. అమ్మ ఆ పిడికెడు తీసేటప్పుడు ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. ఇంట్లో బియ్యం నిండుగా ఉన్న రోజూ అంతే, డబ్బా అడుగు గీరిన రోజూ అంతే.

ఇక నా సంగతి. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లు. ఉదయగిరికి కాస్త ఇవతల, ఆత్మకూరు నుంచి వచ్చే రోడ్డు మీదే మా స్కూలు. ఉదయగిరిలో గది తీసుకుని ఉండేదాన్ని. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని, చేతిలో మాసిన బట్టల మూటతో. ఐదు చీరలు, ఐదు లంగాలు, దుప్పటి ఒకటి. వచ్చీ రాగానే ఆ మూట పెరట్లో పడేసి మంచమెక్కేదాన్ని. వారమంతా పిల్లలతో అరిచి అరిచి గొంతు పోయింది, నాకు రెస్టు కావాలి, లేపొద్దు అని చెప్పేదాన్ని. రెస్టు అనే మాట మా ఇంట్లోకి తెచ్చింది నేనే. అమ్మ నా గది తలుపు దగ్గరగా వేసి, ఎవరైనా గట్టిగా మాట్లాడితే “పాప పడుకోనుండాది” అని కసిరేది.

ఆ ఆదివారం పాస్టరు గారు విశ్రాంతి దినం గురించి చెప్పారు. మనిషి మంచివాడే, గొంతు కూడా మంచిది. దేవుడే ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు ఆగినప్పుడు మనమెంత, ఆగడం బద్ధకం కాదు, ఆగని మనిషికి తన బతుకు తనకు కనపడదు అని ఎంతో బాగా చెప్పారు. మగవాళ్ల వైపు తలలన్నీ ఊగాయి. నా తలా ఊగింది. అమ్మ మాత్రం ఆయన రాసుకొచ్చిన కాగితాల్లో రెండో పేజీ తిప్పేసరికే చెప్పులు చేత పట్టుకుని వెళ్లిపోయింది.

భోజనాల దగ్గర పాస్టరు గారు కోడికూర రెండోసారి వేయించుకుని, “ఏమ్మా, ఈరోజు వర్తమానం ఎట్లుండాది?” అని అమ్మను అడిగారు.

“సగమే విన్నాను అయ్యగారూ. కూర అడుగంటుతుందేమోనని వచ్చేసినాను.”

“ఆ సగంలో ఏం విన్నావు తల్లీ?”

“పనిచేసే మనిషి ఆగాల అని విన్నాను. ఎట్ట ఆగాలో రెండో సగంలో చెప్పినారేమో, అది నాకు తెలవదు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ ఒక్కతే నవ్వలేదు. పాస్టరు గారి విస్తట్లో రసం పోసి లోపలికి వెళ్లింది.

మరుసటి ఆదివారం పొద్దున అమ్మ పిడికెడు బియ్యం డబ్బా నా చేతికిచ్చి, “నువ్వూ మీ నాయనా ముందు పోతా ఉండండి” అంది. వెనకాల వస్తుందనుకున్నాం. గుడిలో చాప చివర చోటు చివరిదాకా ఖాళీగానే ఉంది. ఇంట్లో వంట చూసుకుంటోందిలే అని నాయన అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ఆ రోజు పెద్దల మీటింగు. ఆరాధన అయ్యాక పాస్టరు గారిని, ముగ్గురు పెద్దలను వెంటబెట్టుకుని నాయన ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం. తాళంచెవి ఎప్పుడూ పెట్టే చోటే, కిటికీ పైన ఉంది. తీసి లోపలికి వెళ్తే పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. పెద్దలు తలా ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, నాయన మొహం చూడకుండా వెళ్లిపోయారు.

అమ్మకు ఏమైందోనని నేను కంగారు పడ్డానని రాయాలని ఉంది. రాయను. ముందు వచ్చింది కోపం. ఆకలి కోపం. నాయన బస్టాండు నుంచి తెచ్చిన బన్ను తింటూ పెరట్లోకి చూస్తే నా మూట నేను పడేసిన చోటే ఉంది, ముడి కూడా విప్పలేదు. రేపు స్కూలుకు ఏం కట్టుకోవాలి అన్నది నాకు వచ్చిన రెండో ఆలోచన. అమ్మ ఎక్కడ అన్నది మూడోది.

సాయంత్రం ఐదింటి బస్సుకు వచ్చింది. మొహం ఎండకు కమిలి ఉంది. గుడికి కట్టే చీరే కట్టుకుంది, చేతిలో మూత ఉన్న స్టీలు డబ్బా. గుమ్మంలోనే నాయన అడ్డంగా నిలబడ్డాడు.

“ఎక్కడికి పోయినావే?”

“సోమశిలకి.”

“ఎవరింటికి?”

“ఎవరింటికీ కాదు.”

“ఏం పని పడినాది నీకు ఆడ?”

“పనేం లేదు. డ్యాము మీద కూర్చోనొచ్చినాను.”

నాయన ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. కానీ ఈ వాక్యం ఆయనకు అర్థం కాలేదు. “పని లేకుండా ఎవరన్నా బస్సెక్కుతారా?” అన్నాడు. ఆ మాట ఆయన కోపంతో అనలేదు, నిజంగా తెలియక అడిగాడు.

“ఇన్నేళ్లుగా ఆదివారమొస్తే సోమశిల చేపలు మనింటికొస్తా ఉండాయి. నేనొక్కసారి ఆడికి పోకూడదా?” అంది అమ్మ. ఆయన్ను దాటుకుని లోపలికెళ్లి, డబ్బా కడిగి బోర్లించింది. డబ్బాలో పెరుగన్నం తీసుకెళ్లిందట. నీళ్ల ముందర కూర్చుని తిని, శనక్కాయలు కొనుక్కుని అవీ తిని, చెట్టు కింద కాసేపు కునుకు తీసి వచ్చిందట. అంతే. ఇందులో ఏ ఒక్క పనికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

సోమవారం పొద్దున నేను బస్సుకు బయల్దేరుతుంటే అమ్మ ఒక మాట అంది. “ఉదయగిరిలో కొయ్య గరిటెలు చేస్తారు గదా, పొడుగు కాడతో ఒకటి చేయించకరా. నా చెయ్యంత కాడ ఉండాల.” హాస్టల్లో పెద్ద గుండిగలో సాంబారు కలిపే గరిటె కాడ పొట్టిది. పదకొండేళ్లుగా అమ్మ నడుం వంచి, ఆవిరిలో మొహం పెట్టి కలుపుతోంది. ఆమె కుడి మణికట్టు మీద ఎప్పుడూ ఒక కాలిన మచ్చ ఉండేది, ఒకటి మానేలోపు ఇంకొకటి.

“ఇన్నేళ్లు ఎందుకు చేయించుకోలేదమ్మా?” అని అడిగాను.

“తట్టలేదు పాపా. నిన్న నీళ్ల ముందర ఊరికే కూర్చోనుంటే చెయ్యి చూసుకున్నాను. అప్పుడు తట్టింది.”

పాస్టరు గారు ముప్పావు గంట చెప్పింది ఇదే కదా. ఆగని మనిషికి తన బతుకు తనకు కనపడదని. ఒకే ఒక్క మనిషి ఆయన మాట విని ఆగింది. ఆ మనిషి మీదే సంఘం విచారణ పెట్టింది.

విచారణకు ముందే వీధిలో ఒక కథ పుట్టింది. డ్యాము కింద మునిగిపోయిన ఊళ్లలో అమ్మ పుట్టిల్లు కూడా ఉందని, అది తలుచుకుని ఏడవడానికి వెళ్లిందని. ఆడవాళ్లు ఇంటికొచ్చి ఓదార్చారు. వాళ్లకు అమ్మ మీద ప్రేమ ఉంది, అది అబద్ధం కాదు. కానీ ఆడమనిషి ఒక పూట ఊరికే కూర్చుందంటే వెనక ఒక ఏడుపు ఉండి తీరాలా? ఏడుపుంటే తప్ప మాకు కూర్చునే హక్కు లేదా? అమ్మ మాత్రం ఆ దయను తీసుకోలేదు. “మునిగిన ఊరు మాది కాదు, మా ఊరు చేజర్ల పక్కన నిక్షేపంగా ఉండాది. నేను ఏడవలా. శనక్కాయలు తిన్నాను” అని చెప్పి పంపించింది. దాంతో వాళ్లకు కూడా కోపం వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు అమ్మను ఉండమన్నారు. ముగ్గురు పెద్దలు, పాస్టరు గారు, నాయన బెంచీ మీద. అమ్మ, పాస్టరు గారి భార్య, నేను చాప మీద. ఆ ముగ్గురు పెద్దల్లో వయసులో పెద్దాయన మొదలుపెట్టాడు. “సంఘ పెద్ద భార్యే ఆరాధన మాని షికారుకు పోతే మిగతావాళ్లకి ఏం చెప్పాల? నీకేమన్నా కష్టముంటే చెప్పు, ప్రార్థన చేస్తాం. ఒంట్లో బాగలేదా?”

“బాగుండాది.”

“మీ ఆయన ఏమన్నా అన్నాడా?”

“ఏమీ అనలా.”

“మరింకేంది?”

బల్ల మీద ఆ వారం పోసిన బియ్యం కుప్ప ఉంది. అమ్మ దాన్ని చూపించింది. “ఆ పిడికెడు బియ్యం మేం ఎప్పుడు తీస్తాం? కడగకముందు తీస్తాం. మీరంతా తిన్నాక గిన్నెలో మిగిలింది తెచ్చి దేవునికి పెట్టం గదా. అట్టే నాకు ఒక పిడికెడు పొద్దు ముందుగా తీసి పెట్టుకున్నాను. పనంతా అయినాక మిగిలితే తీసుకుందామని ఇన్నేళ్లు చూసినాను. ఏనాడూ మిగల్లా.”

అప్పుడు పాస్టరు గారి భార్య, సంఘంలో ఏనాడూ నోరు తెరవని మనిషి, తల వంచుకునే అడిగింది. “సోమశిల బస్సు ఎన్నింటికి వదినా?”

“పదింటికి” అంది అమ్మ.

పాస్టరు గారు ఉలిక్కిపడి భార్య వైపు చూశారు.

పెద్దలు మాత్రం తీర్పు చెప్పకుండా లేవరు కదా. చెప్పారు. నెలకు ఒక ఆదివారం పోవచ్చు. అయితే ఆరాధన పూర్తిగా అయ్యాక పోవాలి. వంట ముందే చేసిపెట్టి పోవాలి. పొద్దు వాలేలోపు రావాలి. ఇది చెబుతున్నప్పుడు పెద్దాయన మొహంలో దయ కనబడింది, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆమె ముందుగా తీసుకున్నదాన్ని లాక్కుని, మిగిలితే తీసుకోమని ఆమెకే తిరిగి దానం చేస్తున్నాడు. అమ్మ, “మిగిలింది నాకొద్దు” అంది.

పెద్దాయన నా వైపు తిరిగాడు. “నువ్వు చదువుకున్నదానివి. మీ అమ్మకి నువ్వన్నా చెప్పమ్మా.”

ఇక్కడ నేను ఏమన్నానో రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. పెద్దల మీద, నాయన మీద, పాస్టరు గారి మీద కోపం చూపించడం నాకు తేలిక. ఆ రోజు నేను లేచి, చాలా తెలివిగల దానిలా, అందరికీ సర్దిచెబుతున్న దానిలా, “అమ్మా, పోవద్దని ఎవరన్నారు? నేను ఇంట్లో లేని ఆదివారం చూసి పోరాదా?” అన్నాను.

అమ్మ నన్ను చూసింది. “నువ్వు రాని ఆదివారం ఏది పాపా?” అంది.

అంతే అంది. గొంతు కూడా పెంచలేదు. బియ్యం డబ్బా తీసుకుని ఇంటికెళ్లి అన్నానికి ఎసరు పెట్టింది. ఆ రోజు పెద్దలందరూ మా ఇంట్లోనే తిన్నారు, నేనూ తిన్నాను. తర్వాత ఎన్ని ఆదివారాలు గడిచినా అమ్మ సోమశిల మాట ఎత్తలేదు. చాప చివరి చోటు మళ్లీ ఖాళీ లేదు. చీరలు మళ్లీ ఉతికి, గంజి పెట్టి, మడతలు పెట్టి ఇస్తూనే ఉంది. నేను తీసుకుంటూనే ఉన్నాను, కాకపోతే ఆ మాట చెవిలో గింగురుమంటుంటే నిద్ర సరిగా పట్టేది కాదు.

ఉదయగిరిలో గరిటె చేసిస్తానన్నామె నన్ను వారం వారం తిప్పింది. అంత పొడుగు కాడ ఎవరూ చేయించుకోరట, దానికి తగ్గ కొయ్య దొరకాలట. చివరికి ఒక శనివారం ఇచ్చింది. నున్నగా, తేలికగా, నా చెయ్యంత కాడతో. అది పట్టుకుని బస్టాండుకు వచ్చాను. ఆత్మకూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కలేదు. ఈ ఆదివారం అమ్మది, నేను వెళ్లకపోతే నాకోసం వంట లేదు, ఉతకడానికి మూట లేదు, పదింటి బస్సుకు పోతుంది అనుకున్నాను. ఎంత మంచి పని చేస్తున్నానో అని నా మీద నాకే ముచ్చటేసింది.

ఆదివారం నా బట్టలు నేనే ఉతుక్కున్నాను. దుప్పటి పిండేసరికి చేతులు పడిపోయాయి. నా మూట బరువెంతో నాకు తెలిసిన మొదటి రోజు అది. మధ్యాహ్నం గది మెట్ల మీద కూర్చుని ఉదయగిరి కొండ వైపు చూస్తూ, ఈపాటికి అమ్మ నీళ్ల ముందర డబ్బా మూత తీసి ఉంటుంది అనుకున్నాను. ఆ వారం నాకు దొరికిన నిజమైన విశ్రాంతి ఆ పది నిమిషాలే.

సోమవారం పొద్దున ప్రార్థన గంట కొడుతుండగా ఆత్మకూరు నుంచి వచ్చే బస్సు స్కూలు ముందు ఆగి హారను కొట్టింది. డ్రైవరు కిటికీలోంచి స్టీలు డబ్బా అందించాడు. “టీచరమ్మా, మీ అమ్మ ఇయ్యమనింది. శనివారం నుంచి నిన్న సాయంత్రం దాకా బస్టాండుకు వచ్చి ప్రతి బస్సూ చూసుకోని పోయిందంట. నీకు ఒంట్లో బాగలేదేమోనని కంగారు పడతా ఉండాది. ఎట్టుండావో మళ్లీ పోయేటప్పుడు చెప్పమనింది.”

డబ్బా మూత తీశాను. సోమశిల చేపల పులుసు. నాకోసం ఎప్పుడూ పెట్టేది, మామిడికాయ వేసి. అది పెరుగన్నం తీసుకెళ్లిన డబ్బానే. నేను అమ్మకు ఒక ఆదివారం ఇచ్చాననుకున్నాను, ఇస్తున్నానని ఆమెకు చెప్పడం మరిచాను. అమ్మకు ఏది మంచిదో అమ్మను అడగకుండా తేల్చేయడంలో నాకూ ఆ బెంచీ మీది పెద్దలకూ తేడా ఏముంది? నా మీద నాకు వచ్చినంత కోపం ఆ పెద్దాయన మీద కూడా రాలేదు.

మధ్యాహ్నం పులుసు అంతా తిన్నాను. డబ్బా కడిగాను. సాయంత్రం బస్సు తిరిగి వచ్చినప్పుడు ఆపి, ఖాళీ డబ్బానూ పొడుగు కాడ గరిటెనూ డ్రైవరు చేతికిచ్చాను. డబ్బాలో ఒక చీటీ పెట్టాను. “అమ్మా, నేను బాగున్నాను. ఈ ఆదివారం రావడం లేదు, ముందుగా చెబుతున్నాను. నా బట్టలు నేను ఉతుక్కుంటున్నాను. నాకోసం వంట పెట్టొద్దు. సోమశిల బస్సు పదింటికి.”